ఎముకకు చోటు

మా కొండ ఊరు గోర్నా లీపాలో స్కీ సామాను చచ్చిపోదు, కొలువు మారుతుంది. అంచులు అరిగిన స్కీలు పెరటి కంచెలో పలకలవుతాయి. చేతికర్రలు చిక్కుడు పాదులకు ఊతమవుతాయి. రంగు వెలిసిన జాకెట్టు గొర్రెల కాపరి ఒంటిమీదికి, అక్కడా చిరిగాక కుక్కపిల్లల కిందికి చేరుతుంది. రాజధాని సోఫియా నుంచి వచ్చే అతిథులు రెండు మూడు శీతాకాలాలకోసారి అన్నీ మార్చేస్తారు. ఎందుకని అడిగితే రంగు పాతబడిందంటారు. మా ఊరివాళ్లను అడిగితే, విరిగినప్పుడు మారుస్తామంటారు. ఈ రెండు జవాబుల మధ్య నెద్యాల్క అనే మనిషి ఎలా ఇరుక్కుపోయిందో చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

నెద్యాల్కకు యాభై ఆరేళ్లు. పెళ్లికి ముందు నుంచీ ఆమె పని ఒకటే: కొండ మీద చిన్నపిల్లలకు స్కీ నేర్పడం. ఊళ్లో ముప్పై ఏళ్లలోపు వాళ్లలో చాలామంది ఆమె రెండు కాళ్ల మధ్య నిలబడి, ఆమె మోకాళ్లను పట్టుకుని, మొదటి వాలు దిగినవాళ్లే. ఆమె ప్యాంటు మోకాళ్ల దగ్గర రెండు రంగుల్లో ఉంటుంది. అతుకులు భర్త వానకోటువి. స్కీల అంచులను ఆమె ఎన్నిసార్లు సాన పట్టిందంటే, చేపముల్లంత సన్నగా మిగిలాయి. చేతితొడుగుల్లో ఎడమది ఒక జతది, కుడిది మరో జతది. ఇవేవీ ఆమెను బాధించలేదు. ఆమె బాధంతా కుడి చీలమండ దగ్గర ఉంది.

పద్దెనిమిదేళ్ల వయసులో, జిల్లా పందెంలో, ఆ చీలమండ విరిగింది. అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. లోపలి వైపున అక్రోటు కాయంత ఎముక పొడుచుకుని నిలిచిపోయింది. స్కీ బూటు మామూలు బూటు కాదు. గట్టి ప్లాస్టిక్ పెంకు, లోపల మెత్త, పైన ఇనుప పట్టీలు. కాలు ఆ పెంకులో రవ్వంత కదిలినా పనికిరాదు. కదలకుండా బిగిస్తే నెద్యాల్క ఎముక పెంకుకు ఒరుసుకుని, మధ్యాహ్నానికి మేజోడు ఎర్రబడేది.

దానికి విరుగుడు కనిపెట్టినవాడు ఆమె భర్త జప్రియన్. పట్నంలో ఆటసామాను తయారుచేసే చిన్న కార్ఖానాలో పనిచేసేవాడు. ఆమె చీలమండకు మైనంతో అచ్చు తీసి, ఆ అచ్చు ప్రకారం గట్టి చెక్కతో ఒక గుబ్బ చెక్కాడు. బూటు పెంకును వేడిగాలితో మెత్తబరిచి, లోపలి నుంచి గుబ్బతో నొక్కి, చల్లారేదాకా బిగించి ఉంచాడు. పెంకు మీద బయటికి ఒక ఉబ్బు తేలింది. ఎముకకు చోటు దొరికింది. కార్ఖానా మూతపడ్డ ఏడాది అతను అదే రకం బూట్లు రెండు జతలు తెచ్చి, రెండింటికీ ఉబ్బు చేశాడు.

"ఒక జత వేసుకో, ఇంకోటి దాచుకో. మనం ముసలాళ్లం అయ్యేదాకా ఢోకా లేదు" అన్నాడట.

అతను ముసలివాడు కాలేదు. ఆమె మాత్రం రెండో జతను నూనె కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి, పొయ్యి పైనున్న అటక మీద దాచింది. ఏటా వసంతంలో కిందికి దించి, పొద్దుతిరుగుడు నూనెతో తుడిచి, పట్టీలు ఒకసారి పెట్టి తీసి, మళ్లీ చుట్టేది. ఆ పని చేసే రోజున ఇంట్లో బంగాళాదుంపల రొట్టె వండేది. ఎందుకని ఎవరూ అడగలేదు, అది జప్రియన్‌కు ఇష్టమైన వంట అని అందరికీ తెలుసు కాబట్టి.

మూడేళ్ల కిందట కొండమీది లిఫ్టులనూ స్కీ బడినీ ఒక కంపెనీ కౌలుకు తీసుకుంది. మొదటి పనిగా శిక్షకులందరి చేత కొత్త ఒప్పందాలు రాయించుకుంది. పాత ఒప్పందంలో వాళ్లు ఉద్యోగులు. కొత్త దానిలో స్వతంత్రంగా సేవలందించే వ్యక్తులు. ఈ మార్పు దేనికో స్పష్టంగా చెప్పాలి. ఉద్యోగి ఒంటిని ప్రమాదం నుంచి కాపాడే సామగ్రిని యజమానే ఇవ్వాలని చట్టం చెబుతుంది. కంపెనీ ఆ చట్టాన్ని ఉల్లంఘించలేదు. ఉల్లంఘించాల్సిన అవసరమే లేకుండా చేసుకుంది: సామగ్రిని ఎగ్గొట్టడానికి బదులు ఉద్యోగినే తీసేసింది. మనిషి మాత్రం అదే కొండ మీద, అదే వేళకు, అదే అధికారి కేకకు నిలబడుతూనే ఉన్నాడు.

రెండో పనిగా ఒక నియమం పెట్టింది. శిక్షకులు వాడే స్కీలు ఐదు శీతాకాలాలకు, బూట్లు ఏడు శీతాకాలాలకు మించి వాడినవై ఉండకూడదు. శిక్షకులు తొడిగే ఎర్ర జాకెట్టు రెండేళ్లకోసారి కొత్తది కొనాలి. ఏటా మొదటి మంచుకు ముందు తనిఖీ. ఈ నియమం తప్పని నేను అనను. ముసలి ప్లాస్టిక్ మనిషిని చంపగలదు. తప్పంతా ఆ నియమం భారాన్ని ఎవరి వీపు మీద పెట్టారన్న దాంట్లో ఉంది. ఆ కాగితం అడుగున ఒక వాక్యం ఉంది: పనిముట్ల మంచిచెడ్డలకు సంతకం చేసినవారే బాధ్యులు. అతిథులకు అద్దెకిచ్చే బూట్లు గది నిండా ఉన్నాయి. వాటి వయసు గురించి నియమంలో ఒక్క ముక్క లేదు.

మొదటి రెండేళ్లూ తనిఖీ పేరుకే జరిగింది. మూడో ఏడు కంపెనీ ఆ పనిని క్రాసెన్‌కు అప్పజెప్పింది. క్రాసెన్ మా ఊరివాడే; నెద్యాల్క మోకాళ్లు పట్టుకుని వాలు దిగినవాడే. ఇప్పుడు అద్దె సామాను గదికి పెద్ద. ఆ రోజు స్కీ బడి ముందుగదిలో శిక్షకులందరూ తమ సరంజామా నేల మీద పరుచుకుని కూర్చున్నారు. నెద్యాల్క పక్కన మెతోది కూర్చున్నాడు. అతను శిక్షకుడు, జప్రియన్ స్నేహితుడు, ఆ గుబ్బ చెక్కిన రోజున అచ్చు పట్టుకున్నవాడు.

నెద్యాల్క నూనె కాగితం విప్పింది. బూట్లు అద్దంలా మెరుస్తున్నాయి.

"ఏం వదినా, పెళ్లికొడుకుని దాచినట్టు దాచావు కదా" అన్నాడు మెతోది.

"నీ చూపు తగలకూడదనే దాచాను. ముట్టుకోకు, చేతికి ఉల్లిపాయ వాసన."

"వాసనకి బూటు పాడవుద్దా?"

"బూటు కాదు. నాకు కడుపులో తిప్పుద్ది."

క్రాసెన్ వచ్చి వాళ్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక బూటు తీసి చుట్టూ తిప్పి చూశాడు. ఉబ్బు దగ్గర ఆగాడు. లోపల అరికాలి దగ్గర అచ్చైన సంవత్సరం చదివి, ఇబ్బందిగా తలెత్తాడు.

"అత్తా, ఇవి నేను బళ్లో చేరకముందువి."

"చేసింది అప్పుడే. వేసుకుంది ఎప్పుడు? అడుగు చూడు, మట్టి అంటిందేమో చూడు. నీ నియమం ఏమంటోంది, ఎన్ని శీతాకాలాలు వాడారనా, ఎప్పుడు పుట్టాయనా?"

క్రాసెన్ చేతిలోని కాగితం మళ్లీ చదివాడు. వాడిన శీతాకాలాలు అనే ఉంది.

"వాడినవే" అని ఒప్పుకుంటూ, మా వైపు అవుననడానికి ఊపినట్టే, తల అడ్డంగా ఊపాడు.

"మరి నేనెన్ని వాడాను?"

"ఒక్కటీ వాడలేదు."

"అంటే నీ కాలికున్న వాటికంటే నావే కొత్తవి నాయనా. రాసుకో."

గదిలో నవ్వులు లేచాయి. "వదినకి లాయర్ ఎందుకు, వదినే లాయరు" అన్నాడు మెతోది. క్రాసెన్ కూడా నవ్వి టిక్కు పెట్టాడు. నెద్యాల్క ఆ కాగితం అడుగునున్న బాధ్యత వాక్యం కింద సంతకం చేసింది.

ఇది మా ఊళ్లో అందరం చేసే పొరపాటే. వాడితే అరుగుతుంది, దాస్తే ఉంటుంది అని నమ్ముతాం. దుప్పట్లనూ కత్తులనూ అలాగే దాస్తాం. అవి ఉంటాయి కూడా. ప్లాస్టిక్కుకు ఆ మర్యాద లేదు. దాని ఆయువు పుట్టిన రోజు నుంచే తరుగుతుంది. పెట్టెలో ఉన్నా గాలిలోని తేమ దాన్ని లోపలినుంచి తింటూనే ఉంటుంది. వేడి ఆ తిండిని త్వరపెడుతుంది. పొయ్యి పైనున్న అటక మీద, వెచ్చగా, భద్రంగా, ఆ బూట్లు ఆమె పాత జతకంటే వేగంగా ముసలివయ్యాయి. నూనె వాటి ముఖాన్ని మాత్రం మెరిపించింది.

మొదటి మంచు పడ్డాక, లిఫ్టులు తెరిచిన వారంలోనే, ఆమె పిల్లల వరసను వెంటేసుకుని నడిమి వాలు దిగుతోంది. కుడివైపు మలుపులో బరువు వేసింది. బండ మీద కుండ పగిలిన చప్పుడు వినిపించింది. పెంకు చీలమండ దగ్గర నుంచి మడమ దాకా ముక్కలైంది. స్కీ, దానికి అతుక్కున్న బూటు అడుగుతో సహా, ఒంటరిగా కిందికి పోయింది. ఆమె కాలు లోపలి మెత్తతో మంచులో దిగబడింది. పడబోయి, ఎడమకాలి మీద ఆగింది. వెనకనున్న పిల్లలు ఒకరి మీద ఒకరు పడకుండా, బాతుల్లా పక్కకు తిరగమని అరిచింది. తర్వాత వాళ్లను ముందు నడిపిస్తూ, ఒంటి స్కీ మీద, కుడికాలిని ఈడ్చుకుంటూ దిగింది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంలో కంపెనీ జాగ్రత్త పాత్ర ఏమీ లేదు.

టోపీలో ఏరుకున్న ముక్కలను మర్నాడు ఆమె క్రాసెన్ ముందు పెట్టింది. మెతోది ఒక ముక్కను వేళ్ల మధ్య నొక్కితే బిస్కెట్టులా విరిగింది.

"వారమైనా వేసుకోలేదే" అంది ఆమె, ఆ ముక్కలతోనే చెబుతున్నట్టు.

"అత్తా, నీ మాట విని టిక్కు పెట్టాను" అన్నాడు క్రాసెన్. "పైవాళ్లు అడిగితే నువ్వు సంతకం చేశావనే చూపించాలి. వేరే బూట్లు తెచ్చుకునేదాకా కొండెక్కొద్దు."

"పాత జత ఉంది కదా వదినా" అన్నాడు మెతోది.

"నియమం ఒప్పదు. ఒప్పినా వేసుకోను. పొద్దున్నే దాని ముక్కు నొక్కి చూశాను, కిర్రుమంది. నా కాలైతే నా ఇష్టం. వెనక పిల్లలుంటారు."

ఆ మాట అన్న మనిషి చేత ఇలాంటి నియమం మీద సంతకం పెట్టించుకునే హక్కు ఎవరికీ లేదు. ఆమెకు నియమం అవసరమే లేదు. ఆమెకు కావలసింది బూట్లు.

పట్నంలో కొత్త బూట్లు ఉన్నాయి. మెతోది తన కారులో తీసుకెళ్లాడు. దుకాణంలో ఆమె ఎన్నో జతలు తొడిగి చూసింది. కొత్త పెంకులు పాతవాటికంటే పలచన, గట్టి. అంత లోతుగా ఉబ్బు చేస్తే పెంకు నిలవదన్నాడు దుకాణదారు; చేస్తే వాపసు తీసుకోనన్నాడు. ఒక పూట కూడా తొడగలేని వస్తువుకు శీతాకాలం సంపాదనలో పెద్ద భాగం పోసి, అది పగిలితే మళ్లీ తానే బాధ్యురాలవడం. ఆమె బూట్లను వరసగా సర్ది, దుకాణదారుకు థాంక్సు చెప్పి, బయటికి వచ్చింది.

"ఇల్లు పట్టుకుని ఉండిపోతే ఏమవుద్ది?" అని కారులో అడిగింది.

"పిచ్చెక్కుద్ది" అన్నాడు మెతోది. "నీక్కాదు. ఇరుగుపొరుగుకి."

ఆమె నవ్వలేదు. కిటికీ బయట కొండ కనబడుతున్నంత సేపూ అటే చూసింది, మలుపు తిరిగాక ఒళ్లోని చేతులు చూసుకుంది.

ఆ మరునాడు క్రాసెన్ ఒక దారి చెప్పాడు. అతిథులకిచ్చే బూట్లు ఏ రోజుకారోజు అద్దెకు తీసుకోవచ్చు. అవి కంపెనీవి కాబట్టి తనిఖీకి రావు. అద్దె ఆమె కూలిలోంచి పోతుంది. సాయంత్రం గది మూసేలోపు తిరిగి పెట్టాలి. వాటిలో ఏ మార్పూ చేయకూడదు. ఈ షరతులను పక్కపక్కన పెట్టి చూడండి. ఆమె సొంత బూట్లను వేసుకోనివ్వరు. వేసుకోనిచ్చే బూట్లను ఆమె కాలికి తగ్గట్టు మార్చనివ్వరు. మార్చకుండా ఆమె వేసుకోలేదు. ఏ వాక్యానికి ఆ వాక్యం సబబుగానే ఉంది. మూడూ కలిసి ఒక మనిషి చుట్టూ గోడ కట్టాయి. తలుపు ఎక్కడుందని అడిగితే ఆమె సంతకాన్ని చూపిస్తారు.

ఆమె అద్దె బూట్లు వేసుకుంది. కుడివైపు మలుపులు మానేసింది. అన్నీ ఎడమకే తిప్పేది, పిల్లలు కూడా ఎడమకే నేర్చుకోసాగారు. మధ్యాహ్నం అందరూ పెరుగూ రొట్టే తింటుంటే ఆమె పట్టీలు వదులు చేసి, కళ్లు మూసుకుని కూర్చునేది. బూటు తీసేది కాదు. తీస్తే మళ్లీ తొడగలేనని భయం.

ఒక సాయంత్రం బూటు రాలేదు. కాలు లోపల వాచింది. చలికి పెంకు బిగుసుకుంది. మెతోది స్కీలు బాగుచేసుకునే తన పనిచోటులో, వేడి కొలిమి పక్కన, ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి లాగాడు. బల్ల జరిగింది గాని బూటు జరగలేదు.

"వదినా, కాలు వదిలెయ్, బూటు మాత్రం రానీ."

"నువ్వు లాగేది నన్ను. బూటుని లాగు."

"రెండూ ఒకటే అయిపోయాయి."

"అలా అనకు మెతోదీ."

ఆమె గొంతు మారడంతో అతను లాగడం ఆపాడు. బూటులో చిక్కిన కాలు ఆమె ముందు చాచి ఉంది, వేరెవరిదో అన్నట్టు. గది మూసే వేళ దగ్గరపడుతోంది. తిరిగి పెట్టకపోతే ఇంకో రోజు అద్దె. అదీగాక నమ్మకం లేని మనిషని పేరు. పెంకును కోయవచ్చు, కోస్తే కంపెనీ బూటు కొనాలి, రేపు కొండ లేదు. కోయకపోతే కాలు అందులోనే.

మెతోది పెంకు చుట్టూ వేడిగాలి మెల్లగా ఆడించాడు. ప్లాస్టిక్ కొంచెం సడలింది. ఇద్దరూ కలిసి, ఆమె పళ్లు బిగించి, అతను తిట్లు గొణుగుతూ, కాలిని బయటికి తీశారు. మేజోడు ఎముక దగ్గర నల్లగా ఉంది. బూటు ఇంకా వెచ్చగా, మెత్తగా, ఆకారం కోసం ఎదురుచూస్తున్నట్టు అతని చేతిలో ఉంది.

మెతోది అరలోంచి ఏదో తీశాడు. అది జప్రియన్ చెక్కిన గుబ్బ. ఇన్నేళ్లూ అతని దగ్గరే ఉందని ఆమెకు తెలియదు.

"ఇది నీ దగ్గరెందుకుంది?"

"అన్న ఇచ్చాడు. రెండో జత కూడా అయిపోతే మూడోదానికి కావాలన్నాడు." అతను దాన్ని బూటు లోపల సరైన చోట ఆనించాడు. "వదినా, ఇది వాళ్ల సొత్తు. నొక్కితే నష్టం చేశావంటారు. నిన్ను పంపించేస్తారు కూడా."

"నొక్కకపోతే?"

"ఎడమకి తిరుగుతావు, తిరగగలిగినన్నాళ్లు."

ఆమె వాచిన కాలిని రెండు చేతులతో పట్టుకుంది. వేడి ఆరిపోతే పెంకు మళ్లీ గట్టిపడుతుందని ఇద్దరికీ తెలుసు.

"నొక్కు" అంది.

బిగింపు మర తిప్పుతుంటే పెంకు మీద ఉబ్బు మెల్లగా లేచింది. అతను బూటును బయటికి తీసుకెళ్లి మంచులో పాతిపెట్టాడు, చల్లారేదాకా.

ఒకరి సరుకుతో మరొకరు కొత్త వస్తువు చేస్తే అది ఎవరిది? ఈ ప్రశ్న దగ్గర రోమన్ న్యాయవేత్తలు రెండు వర్గాలుగా చీలిపోయారు. తర్వాత మధ్యేమార్గం దొరికింది: వస్తువును తిరిగి పాత రూపానికి తేగలిగితే సరుకు యజమానిది, తేలేకపోతే చేసినవారిది. బూటును మళ్లీ వేడిచేసి ఉబ్బును అణచవచ్చు. కాబట్టి బూటు కంపెనీదే. ఎముకను మాత్రం ఎవరూ పాత రూపానికి తేలేరు. దాని గురించి ఆ గ్రంథాల్లో ఏమీ లేదు.

క్రాసెన్ గొళ్లెం పెట్టబోతుండగా ఆమె కుంటుతూ వెళ్లి బూట్లు బల్ల మీద పెట్టింది. అతను కుడి బూటు తీసుకుని తుడవబోయి ఆగాడు. బొటనవేలితో ఉబ్బును తడిమాడు. తనిఖీ రోజున పాత బూటు మీద అచ్చం అలాంటిదాన్నే తడిమిన వేలు అది.

"ఇదెవరు చేశారు అత్తా?"

"నా ఎముక."

"నేను దీన్ని పాడైన వాటిలో రాయాలి. రాస్తే బయటికి పోతుంది. అప్పుడు నీ కాలికి పట్టేది ఇంకోటి ఉండదు." అతను తలుపు వైపు చూశాడు. "రాయకపోతే నా మీదికొస్తుంది."

"ఏది చేస్తావో చెయ్ నాయనా. నిన్ను బతిమాలను."

క్రాసెన్ బూటు తుడవడం ముగించాడు. వరసగా వేలాడుతున్న నున్నటి బూట్ల కింద, ఆఖరి అరలో, గోడవైపుకు ఉబ్బు తిప్పి ఆ జత పెట్టాడు.

"పొద్దున గది తెరవకముందే రా. ఎవరైనా అతిథి ముందొచ్చి ఇదే కావాలంటే ఇవ్వక తప్పదు నాకు."

"ఇవ్వు. వేసుకుని నడవనీ, చూద్దాం."

నిజంగానే ఒకసారి ఇచ్చాడు. సోఫియా నుంచి వచ్చిన పెద్దమనిషి కాలు వదులుగా ఊగుతోందని రెండడుగులు వేసి తిరిగి ఇచ్చేశాడు. ఆ బూటులో ఇప్పుడు ఈ భూమ్మీద ఒకే కాలు పడుతుంది. అయినా అది ఆ కాలి మనిషిది కాదు. ఆమె రెండువైపులా మలుపులు తిరుగుతోంది. రోజూ అద్దె కడుతోంది. ఏ రోజు ఆ ఉబ్బు పైవాళ్ల కంట పడుతుందో, ఆ రోజే కొండ ఆఖరు. ఈ వసంతంలో అద్దె సామానంతా మార్చి, పాతది వేరే ఊరికి అమ్ముతామని కంపెనీ అంటోంది. క్రాసెన్ ఆ మాట ఆమెకు చెప్పాడు.

సాయంత్రం ఆమె బూట్లు అరలో పెట్టి, మేజోళ్లతో గుమ్మం దాకా నడిచి, తన రబ్బరు జోళ్లు తొడుక్కుంటుంది. పొద్దున, దీపాలు వెలగకముందే, ఆ గుమ్మం ముందే నిలబడి ఉంటుంది. లోపలినుంచి గొళ్లెం చప్పుడు వినిపించేదాకా కుడికాలి బరువు ఎడమకాలి మీద వేసుకుని ఆగుతుంది.